ఒంటిగంటా యాభైమూడు

ఆపాల్సిన సమయం అన్న వరస దగ్గర కర్సర్ కొట్టుకుంటోంది. దాని పక్కన కారణం అని ఉంది, కారణం ఖాళీగా ఉంది. ఖాళీగా వదలకూడదు. ఈ ఫైల్లో పద్దెనిమిది సెట్టింగులున్నాయి, పదిహేడింటికి కారణం రాసి ఉంది, అన్నీ నేనే రాశాను, చివర నా పొట్టి సంతకం, తారీకు. ఈ అలవాటు చేసింది నా పాత సీనియర్. ఆఫీసంతా ఆయన్ని ‘ఎందుకు సార్’ అనేది, ఎవరేం చెప్పినా ఆయన నోట్లోంచి ముందు ఆ మాటే వచ్చేది, టీ వద్దన్నా ఎందుకు అనేవాడు. "అంకె ఎవడైనా పెడతాడమ్మా, ఎందుకు పెట్టావో రాయి. ఏదైనా తగలబడిన రోజున నీ బుర్ర పనిచెయ్యదు, ఈ ఫైలే నీ బుర్ర." ఇవాళ తగలబడింది సార్. రెండూ ఆరుకి గని అడుగున సబ్‌స్టేషన్ పేలింది, నా కుర్చీ కింద నేల ఉలిక్కిపడింది, గోడమీద గడియారం ఒక పక్కకి ఒరిగి అలాగే నడుస్తోంది, కరెంటు ఒక్క తన్ను తన్నింది, మెయిన్ మెషిన్ డిస్కు కమురు వాసన వేసి చచ్చిపోయింది. ఆ డిస్కులోనే ఉంది కింద ఎవరున్నారన్న లిస్టు. గనిలోకి దిగే ప్రతి మనిషీ గేటు దగ్గర కార్డు కొడతాడు, ఎక్కినప్పుడు మళ్ళీ కొడతాడు, ఏ సొరంగానికి పోతున్నాడో దిగేటప్పుడే నొక్కుతాడు. మూడేళ్ళ కిందటిదాకా ఇత్తడి బిళ్ళలు తగిలించే బోర్డుండేది, నా డేటాబేస్ వచ్చాక ఆ బోర్డుని కాంటీన్ గోడకి అలంకారంగా కొట్టారు, దానిమీద ఇప్పుడు ఎవరో గొడుగు తగిలిస్తుంటారు.

సర్వర్ రూమ్ సగం నేలలో ఉంటుంది. పైన గోడ చివర చెయ్యెడు ఎత్తు కిటికీ, దాంట్లోంచి యార్డులో నడిచేవాళ్ళ పాదాలు తప్ప ఇంకేమీ కనబడవు. ఆరేళ్ళుగా నాకు ఈ గనిలో మనుషులు చెప్పుల్ని బట్టే తెలుసు. ఇప్పుడు అన్నీ పరుగెడుతున్న బూట్లే, నీళ్ళ పైపులు, ఒక ఒంటి చెప్పు, ఎవరిదో ఊడిపోయి అక్కడే పడుంది. పసుపుపచ్చ లేసు కోసం చూస్తున్నాను. మా తమ్ముడి ఎడమ బూటుకి పసుపు లేసు ఉంటుంది, కుడిదానికి నల్లది, నల్లది తెగితే ఇంట్లో దొరికింది కట్టుకున్నాడు, మార్చుకోరా అంటే "ఉండనీ అక్కా, కిటికీలోంచి నువ్వు గుర్తుపట్టాలిగా" అన్నాడు. రోజూ షిఫ్టు దిగాక ఆ కిటికీ ముందు ఆగి బూటుకాలితో అద్దాన్ని రెండుసార్లు తడతాడు, నేను చెయ్యెత్తుతాను, వెళ్ళిపోతాడు. ఇవాళ తట్టలేదు. తట్టలేదా, నేను చూడలేదా. రెండు దాటేదాకా నేను మీటింగ్ రూములో ఉన్నాను, పై ఆఫీసు నుంచి ఎవరో నోట్‌బుక్ పట్టుకుని వచ్చి బ్యాకప్ గురించి అడుగుతుంటే అంతా పక్కాగా ఉందండీ అని చెప్తున్నాను.

పేలిన ఐదో నిమిషానికి రెస్క్యూ ఆఫీసర్ వచ్చాడు, మెట్లు దిగుతూనే మొదలుపెట్టాడు, ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. "మేడమ్, కింద ఎవరున్నారో నాకు కావాలి." డిస్కు పోయిందండీ, పొద్దున ఆరింటి బ్యాకప్ నుంచి తెస్తున్నాను, అరగంట పడుతుంది అన్నాను. "అరగంటలో పొగ ఎంత దూరం పోతుందో తెలుసా మీకు?" తెలుసండీ, మా నాన్న ఇక్కడే లిఫ్టు నడిపారు అన్నాను, అప్పుడు కాస్త తగ్గాడు. "సరే వినండి. నా దగ్గర ఉన్నది ఒక్క టీమ్, ఐదుగురు. ఒక్కొక్కడి వీపు మీద రెండు గంటల గాలి. లిఫ్టు దిగాక దారి చీలిపోతుంది, తూర్పు, పడమర. రెండువైపులా పోలేను. రెండో టీమ్ పక్క గని నుంచి రావాలి, గంట పైమాటే. ఎటు పోవాలో మీ లిస్టే చెప్పాలి." బయట పేర్లు పిలిచి చూడలేదా అన్నాను. "పిలిచాం. ఫస్ట్ షిఫ్టులో సగంమంది ఇళ్ళకి పోయారు. ఉన్నవాళ్ళు తలా ఒక మాట. తిరిగిచ్చిన టోపీ ల్యాంపులు లెక్కపెడదామంటే ల్యాంపు రూమంతా పొగ." మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "మీవాళ్ళెవరైనా కిందున్నారా?" అన్నాడు. నేను స్క్రీన్ వైపు చూస్తూ తెలీదండీ అన్నాను. అది అబద్ధం కాదు. అప్పటికింకా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

ఫోన్ స్విచ్ఛాఫ్. స్విచ్ఛాఫ్ అంటే ఏమీ కాదు, గనిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు, ఆపేసి లాకర్లో పెడతారు, వీడు షిఫ్టయ్యాక కూడా ఆన్ చెయ్యడం మర్చిపోతాడు. బండి స్టాండులో ఉందో లేదో చూడమని గార్డుని అడగబోయి ఆగాను, బండి నిన్నటి నుంచి మెకానిక్ దగ్గరుంది, పొద్దున బస్సులో వచ్చాడు. పోస్ట్‌మ్యాన్‌కి చేశాను, కవరేజ్ ఏరియాలో లేడంట. పోస్ట్‌మ్యాన్ అంటే ఉత్తరాలిచ్చేవాడు కాదు, మా తమ్ముడి గుంపులోవాడే, పడమటి సొరంగంలో ఆరుగురు పనిచేస్తారు, ఆ ఆరుగురి కార్డులూ వీడి జేబులో ఉంటాయి, అందుకని ఆ పేరు. ఒకటిన్నర నుంచే గేటు దగ్గర క్యూ, అరగంట నిలబడాలి, తిరిగే గేటు, ఒక్కసారికి ఒక్క మనిషే పడతాడు. అందుకని పోస్ట్‌మ్యాన్ ముందుగా పైకొచ్చి ఆరు కార్డులూ టకటకా కొట్టేస్తాడు, మిగతా ఐదుగురు సామాను సర్దుకుని రెండూ ఐదుకో పదికో తాపీగా ఎక్కి, ట్రాలీలు పోయే పక్క గేటులోంచి జారుకుంటారు. ఇది నాకు ఆరునెలలుగా తెలుసు. ఒకరోజు లిస్టు చూస్తుంటే ఒంటిగంటా యాభైనాలుక్కి ఆరుగురు పదకొండు సెకన్లలో బయటికొచ్చినట్టుంది. తిరిగే గేటులోంచి ఆరుగురు పదకొండు సెకన్లలో రావాలంటే ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకుని రావాలి. మర్నాడూ అదే, ఆ తర్వాతా అదే. ఇంటికొచ్చినప్పుడు అడిగాను. "నువ్వు పోలీసువా అక్కా? ఎవడికి నష్టం? పైకి రావడమైతే వస్తున్నాంగా." నవ్వాడు, నేనూ నవ్వాను, పైకి చెప్తే ఆరుగురి ఉద్యోగాలూ పోతాయి, మా వాడిది మొదట పోతుంది. చెప్పలేదు.

ముప్ఫైఒకటి శాతం. పాత ఫైళ్ళు ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఫ్యాను హోరు, పొద్దున ఆరింటి ప్రపంచం. ఆరింటికి వాడు ఇంకా గేటు బయటున్నాడు, అరిటిపండు తింటున్నాడేమో. ముందు ఆరింటి కాపీ వస్తుంది, ఆ తర్వాత లాగ్ ఫైళ్ళు, ఎవరు ఏ సెకనులో కార్డు కొట్టారో వరసగా రాసుకుపోయే ఫైళ్ళు, వాటిని ఆ కాపీ మీద ఒక్కొక్కటే ఆడించుకుంటూ పోతే పొద్దున్నించి జరిగిందంతా మళ్ళీ జరుగుతుంది, మనుషులు మళ్ళీ దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతారు. చివరి లాగ్ ఫైలు ఒంటిగంటా యాభైఎనిమిదిది. దాని తర్వాత ఎనిమిది నిమిషాలు లేవు, ఆ డిస్కుతోపాటే కాలిపోయాయి. పదిహేను నిమిషాలకోసారి పై ఆఫీసుకి పంపు, కారణం: లైను నెమ్మది. మొదట ఒక నిమిషం అనే పెట్టాను, లైను ఉక్కిరిబిక్కిరైపోయింది, పదిహేను చేశాను, కారణం రాశాను, సంతకం పెట్టాను, సాయంత్రం ఇంటికి పోయాను. పదిహేను అని టైపు చెయ్యడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. రెండు వేళ్ళు, ఒక సెకను.

మా మరదలు ఫోన్. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను. "వదినా, సైరన్ మోగిందంట కదా, ఎదురింటావిడ చెప్పింది, ఈయనకి చేస్తే కలవట్లేదు, పైకొచ్చాడా?" చూస్తున్నానమ్మా, లిస్టు వస్తోంది అన్నాను. "లిస్టేంటి వదినా, కిటికీలోంచి కనబడలేదా? రోజూ కనబడతాడన్నావుగా?" నేను కిటికీ వైపు చూశాను. వెనకాల పాప ఏడుస్తోంది, మాకెందుకు ఈ గని అని ఒకసారంది, తనే మళ్ళీ "నువ్వు అక్కడున్నావు కాబట్టి నాకు భయం లేదులే" అని పెట్టేసింది. ఆ చివరి మాట చెవిలో ఉండిపోయింది, చెవిలో నీళ్ళు పోయినట్టు.

యాభైఎనిమిది శాతం. వాడికి ఐదేళ్ళప్పుడు, నాకు పదకొండు, అమ్మ బస్టాండులో మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి టికెట్ల క్యూలో నిలబడింది, తమ్ముణ్ణి చూస్తుండు అంది. అయస్కాంతాలమ్మేవాడు ఒకడు నేలమీద గుడ్డ పరిచి మేకుల్ని నాట్యం చేయిస్తున్నాడు, నేను లేచి వెళ్ళాను, మేకులు లేచి నిలబడేవి, పడేవి, ఎంతసేపు చూశానో. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ. అమ్మ వచ్చి ఎప్పుడు పోయాడే అంటే ఇప్పుడే అన్నాను. ఇప్పుడే, ఒక్క నిమిషమైంది, ఇక్కడే ఉన్నాడు. అరగంటైంది అంటే చంపేస్తుందని. ఒక్క నిమిషమే కదా దూరం పోయుండడు అని అందరూ బెంచీ చుట్టూ, కొట్ల వెనకాల, మరుగుదొడ్ల దగ్గర వెతికారు, వాడేమో అరగంట కిందటే బయల్దేరిన బస్సులో రెండో ఊళ్ళో కండక్టరు ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటున్నాడు. సాయంత్రానికి దొరికాడు. నేను చెప్పిన టైము తప్పని ఎవరికీ తెలీలేదు. వాడు పెద్దయ్యాక కూడా ఆ కథ చెప్పి నవ్విస్తాడు, బస్సెక్కి ఊరేగానని. నేను ఎప్పుడూ మధ్యలో లేచి వంటింట్లోకి పోతాను.

డెబ్భైతొమ్మిది. ఇప్పుడు ఆలోచించాలి, సరిగ్గా ఆలోచించాలి. యాభైఎనిమిది దాకా పోనిస్తే లిస్టులో మా వాడు బయటున్నట్టు వస్తుంది, ఆరుగురూ బయటున్నట్టే, యాభైనాలుక్కి పదకొండు సెకన్లలో. పడమర: సున్నా. ఆఫీసర్ సున్నా చూస్తాడు, తూర్పుకి పోతాడు. సార్, ఈ ఆరుగురిలో నిజంగా వచ్చింది ఒక్కడే, మిగతావి ఉత్త కార్డులే అంటే నమ్ముతాడా. మీకెలా తెలుసంటాడు. ఆ ఆరుగురిలో మీకెవరైనా ఉన్నారా అంటాడు. ఉన్నారు అంటాను. అప్పుడు ఆయన ఒక అక్క ఏడుపు వింటాడు, లిస్టు చూస్తాడు, లిస్టే గెలుస్తుంది, లిస్టు గెలవాలనే కదా నేను దాన్ని కట్టింది. అదే యాభైమూడుకి ఆపితే పడమర: ఆరు. ఏడుపు లేదు, వివరణ లేదు, కాగితం మీద ఆరు పేర్లు. అది అబద్ధమా? ఒంటిగంటా యాభైమూడుకి అది నిజం. యాభైనాలుగే అబద్ధం, పోస్ట్‌మ్యాన్ అబద్ధం. నేను ఆ అబద్ధానికి ముందు ఆపుతున్నాను, అంతే. మరి యాభైమూడు నుంచి యాభైఎనిమిది దాకా ఇంకేం జరిగిందో? షిఫ్టు మారే టైములో ఎవరు దిగుతారు, రెండో షిఫ్టు రెండుంబావుకి గానీ దిగదు. ఎవరూ దిగరు. చూసి ఆపొచ్చు కదా. చూడలేను, ముందుకి పోతే వెనక్కి రాదు, ఒకసారి ఆ ఆరుగురు ‘బయట’ అయిపోతే మళ్ళీ పొద్దున ఆరు నుంచి మొదలెట్టాలి, ఇంకో అరగంట. రెండు లిస్టులూ తీసివ్వొచ్చు కదా, ముందు యాభైమూడు, తర్వాత యాభైఎనిమిది. ఇవ్వొచ్చు. రెండోదాంట్లో సున్నా చూసిన మనిషి మొదటిదాన్ని పక్కన పడేస్తాడు. ఆపాల్సిన సమయం, ఒకటి, చుక్క, ఐదు, మూడు. కారణం దగ్గర ఏమీ రాయలేదు. ఫైలు సేవ్ చేశాను. పద్దెనిమిది సెట్టింగులు, పదిహేడు కారణాలు.

రెండూ నలభైఒకటికి ఆగింది. ఆగమన్న చోట ఆగింది, మనిషి చూసి సరే అంటే గానీ కదలదు, అదీ నేను పెట్టిందే, కారణం: మెషిన్ తనంతట తాను నిర్ణయం తీసుకోకూడదు. ప్రింటు తీశాను. పడమర ఆరు. మా వాడి పేరు మూడోది, మిగతావి చదవలేదు. తూర్పు రెండు, పంపుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు. ఆఫీసర్ మెట్లమీదే నిలబడి లాక్కున్నాడు, పైన టైము చూశాడు, ఆయన కళ్ళు పేర్లకంటే ముందు టైము మీదికే పోయాయి, పనిమంతుడు. "పేలింది రెండూ ఆరుకి. ఇది పదమూడు నిమిషాల ముందుది." అవునండీ. "దీని తర్వాతది లేదా?" నా వెనకాల స్క్రీన్ మీద ఆ తర్వాతి ఐదు నిమిషాలు కట్టేసిన కుక్కలా కూర్చుని ఉన్నాయి. లేదండీ, పదిహేను నిమిషాలకోసారే పైకి వెళ్తుంది, ఇదే చివరిది అన్నాను. "చివరిదేనా?" చివరిదే. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆరుగురి కోసం పోతాను ముందు. తూర్పున ఇద్దరూ పంపులవాళ్ళు, అనుభవం ఉన్నోళ్ళు, తలుపేసుకుని కూర్చుంటారు." థాంక్సండీ అన్నాడు నాకు. థాంక్స్.

కిటికీలో ఐదు జతల రబ్బరు బూట్లు, వరసలో, పరుగెత్తకుండా పెద్ద అంగలతో, సిలిండర్ల బరువుకి మడమలు నేలలో దిగుతున్నాయి. ఆ తర్వాత గంట మోగింది, మూడు. లిఫ్టు గంట భాష నాన్న నేర్పాడు, అన్నం తినేటప్పుడు చెంచాతో కంచం అంచు మీద కొట్టేవాడు, రెండు కొడితే బొగ్గు, మూడు కొడితే మనుషులు, నిలబడి ఉన్న మనుషులు. తమ్ముడు మూడు కొట్టి వంటింట్లోంచి నన్ను పిలిచేవాడు, అన్నానికి రా అని. మూడు కొట్టి ఆగి ఒకటి కొడితే మెల్లగా లాగు అని, పడుకోబెట్టిన మనిషి ఉన్నాడని. అది ఇంట్లో కొట్టకూడదు, ఒకసారి తమ్ముడు ఆటకి కొడితే నాన్న చెంచా లాక్కుని విసిరేశాడు, నాన్న మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు, ఆ ఒక్కసారే. రెండూ యాభై. రెండూ యాభైఆరు. పడమటి సొరంగం చివరికి నడిచి ఇరవై నిమిషాలు, పొగలో ముప్ఫై. వాడు నేలకి ముఖం ఆనించి పడుకునుంటాడు, పొగ పైకి పోతుంది, తడిగుడ్డ, వాడికి తెలుసు, ట్రైనింగిచ్చారు. నేను స్క్రీన్ చూడట్లేదు. కొనసాగించాలా? అని అడుగుతోంది, దాన్ని అడగనీ. కొనసాగిస్తే ఏమవుతుంది, కాగితం వెళ్ళిపోయిందిగా, ఇప్పుడు చూడొచ్చుగా. చూడను. ఎందుకు? సార్, మీరు ఊరుకోండి.

మూడూ ఐదుకి ఫోన్ మోగింది, వాడి పేరు. స్క్రీన్ మీద వాడి పేరు చూసి మొదట నాకు భయమేసింది, వాడి ఫోన్ ఇంకెవరి చేతిలో ఉందోనని.

"అక్కా, ఏంటి ఇన్ని మిస్డ్ కాల్స్? ఇల్లేమైనా అంటుకుందా?"

"ఎక్కడున్నావురా?"

"మెకానిక్ షెడ్డులో. బండి విప్పి పరిచి పెట్టాడు, బొమ్మల కొలువులాగా, ఒక్క బోల్టు బిగించలేదు. ఫోన్ చచ్చిపోతే వీడి ఛార్జర్‌కి పెట్టా. ఏమైంది, గొంతేంటి అలా ఉంది?"

"ఎప్పుడు పైకొచ్చావు?"

"ఎప్పుడూ వచ్చే టైముకే... కాదు, ఇవాళ ముందే వచ్చాం, యాభై దాటాక. కిటికీ తట్టాను, నువ్వు లేవు."

"కార్డు ఎవరు కొట్టారు?"

"నేనే. పోస్ట్‌మ్యాన్ సెలవు కదా, వాళ్ళ బావమరిదికి ఒంట్లో బాలేదంట. వాడి బదులు వేరేవాణ్ణి పంపారు, కొత్తోడు, వాడి ముందు ఎందుకని ఒక్కొక్కళ్ళం లైన్లో నిలబడి కొట్టాం, బుద్ధిమంతుల్లాగా. అక్కా, నువ్వేనా ఆ లైను చూసి..."

"నీ పెళ్ళానికి ఫోన్ చెయ్యి," అన్నాను, పెట్టేశాను. బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు, నవ్వుతున్నాడు, కుర్చీ చేతులు పట్టుకున్నాను, బతికే ఉన్నాడు అని ఎన్నిసార్లనుకున్నానో, పది సెకన్లుంటుందేమో, ఆ పది సెకన్లు నా జీవితంలో ఇంకెప్పుడూ దొరకనంత సంతోషం, దాన్ని నేను దాచుకుంటాను, సిగ్గు లేకుండా దాచుకుంటాను. పదకొండో సెకనుకి పడమటి సొరంగంలో పొగలో తడుముకుంటూ పోతున్న ఐదు జతల రబ్బరు బూట్లు కనబడ్డాయి. కొనసాగించాలా? అవును అని కొట్టాను. ఐదు నిమిషాలు, మెషిన్‌కి మూడు సెకన్లు. యాభైనాలుగూ పది, ఒకడు బయటికి. యాభైనాలుగూ ముప్ఫైఒకటి, ఇంకొకడు. యాభైనాలుగూ యాభైఎనిమిది, మా తమ్ముడు. ఒక్కొక్కరికీ మధ్య ఇరవై సెకన్లు, పాతిక, తిరిగే గేటులోంచి నిజమైన మనుషులు ఒక్కొక్కరే నడిచొచ్చినట్టే. ఆరునెలల్లో మొదటిసారి కార్డులు నిజం చెప్పాయి, చూసినవాడెవడికైనా చూడగానే తెలిసేది, నాకు అందరికంటే ముందు తెలిసేది. దాని కింద, యాభైఆరూ నాలుగు, లోపలికి, తూర్పు. యాభైఆరూ ఇరవైరెండు, లోపలికి, తూర్పు. ఐదుగురు. పంపు రిపేరువాళ్ళు, రెండో షిఫ్టు మీటింగుకి ఆగకుండా ముందే దిగిపోయారు. పడమర: సున్నా. తూర్పు: ఏడు.

యార్డు ఫోన్ ఎత్తాను. ఆఫీసర్ లైన్లోకి వచ్చేసరికి ఒక నిమిషం. తూర్పులో ఏడుగురున్నారండీ, పడమర ఖాళీ, మీవాళ్ళని వెనక్కి పిలవండి. అవతల గాలి శబ్దం, ఎవరో దగ్గుతున్నారు. "మేడమ్, చివరిదన్నారు మీరు." అన్నానండీ. "ఇదెక్కడిది?" అప్పుడూ ఉందండీ. ఆయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది, ఆయన పక్కకి తిరిగి పడమర వదిలెయ్యమని, వెనక్కి రమ్మని, చీలిక దగ్గర గాలి ఎంతుందో చూసి చెప్పమని ఎవరితోనో అంటుంటే విన్నాను, ఒక్కో మాటా విడివిడిగా, నాకు పొద్దున్నించీ ఇంత స్పష్టంగా ఏదీ వినబడలేదు. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "పేర్లు చదవండి" అన్నాడు. చదివాను. ఏడు పేర్లు. ఐదో పేరు మెల్లగా చదివితే "గట్టిగా" అన్నాడు.

మూడూ ముప్ఫైఎనిమిదికి గంట. మూడు. నిలబడ్డ మనుషులు. కిటికీలో దుప్పట్లు కప్పిన నాలుగు కాళ్ళు, పంపు కాపలావాళ్ళు, తలుపేసుకుని కూర్చున్నారు, ఆయన చెప్పినట్టే. స్ట్రెచర్లవాళ్ళు లిఫ్టు వైపు పరుగెత్తారు. మళ్ళీ గంట. మూడు, ఆగి, ఒకటి. మెల్లగా లాగు. స్ట్రెచర్ వెళ్ళింది, మోసేవాళ్ళు పరుగెడుతున్నారు, పక్కన తెల్ల ప్యాంటు డాక్టరు వంగి పరుగెడుతున్నాడు, పరుగెడుతున్నారంటే ఆశ ఉంది. మూడు, ఆగి, ఒకటి. రెండోదీ పరుగే. మూడు, ఆగి, ఒకటి. మూడోది పరుగెత్తుతూ కిటికీ మధ్యలోకొచ్చి నడకలోకి మారింది, సరిగ్గా నా కళ్ళ ముందు మారింది, ముందున్నవాడి కాలు ఒకసారి తడబడి నెమ్మదించింది. నాలుగోది మొదటి నుంచీ నడకే. ఐదోదానికి గంట కోసం చూస్తున్నాను, రావట్లేదు, నాన్న చెంచా నా తలలో కంచం అంచు మీద కొడుతోంది, చాలా సేపటికి మూడు, చాలా సేపు ఆగి, ఒకటి. అదీ నడిచే వెళ్ళింది, పక్కన డాక్టరు లేడు.

ఫైలు తెరిచే ఉంది. ఆపాల్సిన సమయం, ఒంటిగంటా యాభైమూడు, కారణం ఖాళీ. ప్రతి పదిహేను నిమిషాలకీ ఈ ఫైలు కూడా పై ఆఫీసుకి వెళ్తుంది, కాలిపోని చోటికి, తర్వాతది మూడూ యాభైఎనిమిదికి. ఇప్పుడు యాభైనాలుగు. పాత కాపీలో యాభైమూడు కనిపిస్తుంది గానీ కారణం లేకుండా కనిపిస్తుంది, ఏదైనా రాయొచ్చు, చివరి లాగ్ పాడైందేమోనని అనుమానం అని రాయొచ్చు, అలాంటివి జరుగుతాయి, ఎవరూ ఎందుకు అనరు, అనే ఆయన రిటైరై తోటపని చేసుకుంటున్నాడు. యార్డులో జనం తగ్గారు. ఆ ఊడిన ఒంటి చెప్పు ఇంకా అక్కడే ఉంది. దాన్ని దాటుకుని రెండు బూట్లు పరుగున వచ్చి కిటికీ ముందు ఆగాయి, కుడిదానికి నల్ల లేసు, ఎడమదానికి పసుపు. సైరన్ సంగతి విని వచ్చుంటాడు. బూటుకాలితో అద్దాన్ని రెండుసార్లు తట్టాడు. వాడి వెనకాల, ఆ పసుపు లేసుకి అవతల, ఎవరో ఆడమనిషి చెప్పుల్లేని పాదాలు లిఫ్టు వైపు పోతున్నాయి, ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. నేను చెయ్యెత్తలేదు. వాడు మళ్ళీ తట్టాడు. కారణం దగ్గరికి కర్సర్ తీసుకెళ్ళి టైపు చేశాను: మా తమ్ముడు. పక్కన నా పొట్టి సంతకం, తారీకు. సేవ్ చేసి, చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, యాభైఎనిమిది కోసం కూర్చున్నాను.